గంటకో చుక్క

పోయిన నెల కళ్లద్దాలు మార్పించుకుందామని వికారాబాద్‌లో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. కొత్తగా వచ్చిన అమ్మాయి, నా కూతురికంటే చిన్నది. నా గడ్డాన్ని యంత్రం మీద ఆనించి, కుడికంట్లోకి వెలుగు వేసి చాలాసేపు చూసింది.

"ఇక్కడ పాత మచ్చ ఉంది మేడం. సన్నగా, కొమ్మలాగ. ఎప్పటిది?"

"డెబ్బై మూడుది," అన్నాను.

ఆమె వెనక్కి జరిగి నా ముఖం చూసింది. "అప్పట్లో ఇది వచ్చి చాలామందికి చూపు పోయేది. మీకు ఎవరు చూశారు?"

హైదరాబాద్‌లో చూసిన డాక్టరుగారి సంగతి చెబుదామనుకున్నాను. నోట్లోంచి మాత్రం "మా ఆపా" అని వచ్చింది.

"ఆమె కంటి డాక్టరా?"

"కాదమ్మా, సైన్స్ టీచరు."

ఇంకా చెప్పేదే, కానీ బయట బెంచీ మీద పదిమంది కూర్చుని ఉన్నారు. చీటీ తీసుకుని వచ్చేశాను. ఆ అమ్మాయికి చెప్పలేకపోయింది ఇంటికి వచ్చినా వదల్లేదు.

తాండూరులో ఆడపిల్లల హైస్కూల్లో నేను తెలుగు టీచరుగా చేరేనాటికి ఆమె అక్కడ సైన్స్ చెబుతోంది. వయసు ముప్పై ఆరో ముప్పై ఏడో. పిల్లలు, తోటి టీచర్లు, బడి ముందర జామకాయలు అమ్మే ముసలమ్మ, అందరికీ ఆమె ఆపాయే, ఉర్దూలో అక్క అని. పేరు హాజరు పుస్తకంలో ఉండేది, అక్కడే ఉండిపోయింది.

ఆమె ఎడమకంటి నల్లగుడ్డు మీద పాలచుక్క పడి ఆరినట్టు తెల్లటి పొర ఉండేది. ఆ కంటికి ఏమీ కనిపించదు. అందుకని స్టాఫ్‌రూంలో ఎప్పుడూ ఎడమ చివర, గోడ పక్కన కూర్చునేది. తనకు కుడివైపున మనుషులుండాలి. బజారులో నడిచినా గోడ వారగానే. ఎడమవైపు నుంచి ఎవరైనా పలకరిస్తే మెడ తిప్పేది కాదు, మొత్తం మనిషే తిరిగేది. తెలియనివాళ్లు గర్వం అనుకునేవాళ్లు. చేతిగడియారం అద్దాన్ని మణికట్టు లోపలివైపుకు పెట్టుకునేది. టైము చూడాల్సి వచ్చినప్పుడల్లా, అరచేతిలో ఏదో రాసి ఉంటే చదువుకుంటున్నట్టు ఉండేది.

ఊళ్లో ఆమెకు ఇంకో పేరుంది, కన్నుల ఆపా అని. దానికి కారణం ఆమెకున్న ఒక వింత అలవాటు. తాండూరులో ఎర్రబడిన కళ్లకు కొదవ లేదు. ఊరి చుట్టూ బండల గనులు, బండలు కోసి నునుపుచేసే మిల్లులు. ఆ పొడి గాలిలో ఎప్పుడూ ఉంటుంది. కన్ను ఎర్రబడితే నీళ్లు కొట్టుకుంటారు, మరీ మండితే మందుల దుకాణంలో ఏ చుక్కలిస్తే అవి వేసుకుంటారు. ఆపాకు మాత్రం ఎర్రకన్ను కనబడితే కాలు ముందుకు సాగదు. బజారులోనైనా సరే, బస్టాండులోనైనా సరే, ఆగి ఎదుటివాళ్ల గడ్డం పట్టుకుని ముఖాన్ని ఎండవైపు తిప్పేది. "ఎలుతురు చూస్తే గుచ్చుతున్నదా? రెండు కండ్లా, ఒక్కటేనా? మొన్న జ్వరం వచ్చిందా?" అని అడిగేది. పెద్దేముల్ నుంచి కూలికి వచ్చిన మగవాళ్లు సిగ్గుతో చచ్చిపోయేవాళ్లు. ఒకసారి సరిహద్దు అవతలి నుంచి వచ్చిన ఒకాయన జేబులోంచి చుక్కల సీసా తనే తీసి, దాని మీది అక్షరాలు చదివి, "ఇది ఎయ్యకు, రేపే హైదరాబాద్ పో," అని సీసాను తన సంచీలో వేసుకుంది. ఆయన కన్నడంలో ఏదో తిట్టుకుంటూ పోయాడు. నేను పక్కనే ఉన్నాను. నాకూ తలకొట్టేసినట్టయింది.

క్లాసులో కూడా ఆమె తీరే వేరు. ఎంజైముల పాఠం వచ్చినప్పుడు పిల్లలందరినీ ఇంటి నుంచి జొన్నరొట్టె ముక్క తెమ్మనేది. నమిలి, ఆ పిండిని గాజుగొట్టంలో ఉమ్మమనేది. అందులో అయోడిన్ చుక్క వేస్తే మొదట నల్లగా నీలంగా అయ్యేది, కాసేపు పోయాక కొంచెం తీసి మళ్లీ చుక్క వేసి చూస్తే ఆ రంగు వచ్చేది కాదు. ఉమ్మిలోని ఎంజైము పిండిని చక్కెరగా మార్చేసిందన్నమాట. ఒకరోజు ఒకమ్మాయి గొట్టం అయిదు నిమిషాలకే తేటపడింది, ఇంకో అమ్మాయిది పావుగంటైనా నల్లగానే ఉంది. ఆ రెండో పిల్ల ఏడుపు ముఖం పెట్టింది.

"ఫెయిల్ కాలే బిడ్డా," అంది ఆపా. "నీది జర నిమ్మలంగ పనిచేస్తున్నది. ఒళ్లంటే కుండ కాదు, పొయ్యి. దాంట్ల ఏం ఏసినా ఏసినట్టుండదు. ఒక్కొక్కరి పొయ్యి ఒక్కొక్క తీరు మండుతది."

మర్నాడు ఇద్దరు తండ్రులు హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వచ్చారు, చదువుకోమని పంపితే ఉమ్మిస్తున్నదేమిటని. ఆపాను పిలిపించారు. ఆమె చేతులు కట్టుకుని అంతా విని, "తప్పే అమ్మా, వచ్చే ఏడు కప్పులు తెస్త, గొట్టాలు చిన్నగైనయి," అని వచ్చేసింది. అది వెటకారమో నిజంగానే అన్నదో ఎవరికీ తెలియలేదు. ఆమెను ఎవరూ గట్టిగా ఏమీ అనేవారు కాదు. ఎవరూ ఇంటికి రమ్మని పిలిచేవారు కూడా కాదు.

ఆ డెబ్బై మూడు వానాకాలంలో నాకు మూడురోజులు జ్వరం కాసింది. తగ్గుతూ తగ్గుతూ పెదవి మీద పొక్కులు లేచాయి, తర్వాత కుడికన్ను ఎర్రబడింది. బండల పొడి అనుకున్నాను. దుకాణంలో తెల్లగా పాలలా ఉండే చుక్కలిచ్చారు. వేస్తే హాయిగా ఉంది. మూడోరోజు బడికి వెళ్లి స్టాఫ్‌రూంలో కూర్చుంటే కిటికీ వైపు చూడలేకపోయాను. పమిట చెంగు కంటికి అడ్డం పెట్టుకున్నాను.

నా ముందు ఆపా వచ్చి నిలబడింది. గడ్డం పట్టుకుంది. అందరి ముందూ నన్ను వాకిట్లోకి నడిపించి ముఖాన్ని ఆకాశం వైపు తిప్పింది.

"ఏమన్న ఏస్తున్నవా?"

సీసా తీసి ఇచ్చాను. కుడికంటికి దగ్గరగా పెట్టుకుని చదివింది.

"ఎన్ని దినాల సంది?"

"మూడు రోజులైంది ఆపా. తగ్గినట్టే ఉన్నది. ఎరుపు కూడా పోయింది."

"పోతది," అంది. "ఎరుపు పోతది. నాది కూడ గట్లనే పోయింది."

సీసా ఆమె సంచీలోకి వెళ్లింది. బజారులో ఆ కూలీ మనిషికి ఎలా ఉండిందో అప్పుడు తెలిసింది నాకు. ఆమె మాట మెత్తగానే ఉంది, కానీ నా గడ్డాన్ని మాత్రం వదల్లేదు.

మర్నాడు పొద్దుటి బండికి నన్ను హైదరాబాద్ తీసుకువెళ్లింది. అక్కడి డాక్టరు నా కంట్లో పసుపు రంగు వేసి, నీలం దీపం పెట్టి చూశాడు. ఆపాను కూడా చూడమన్నాడు. ఆమె తన ఒంటికన్నును ఆ అద్దానికి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. నల్లగుడ్డు మీద ఆకుపచ్చగా మెరుస్తూ ఒక చిన్న కొమ్మ, దానికి రెమ్మలు ఉన్నాయట. జ్వరంలో పెదవి మీద పొక్కులు లేపే వైరసే కంటిని పట్టింది. నేను వేసుకున్న స్టెరాయిడ్ చుక్కలు ఎరుపును అణిచి, వైరస్‌కు దారి ఇచ్చాయి. ఇంకో వారం అలాగే ఉంటే చెప్పలేమన్నాడు డాక్టరు.

ఆయన రాసిన మందు పేరు ఐడాక్స్యూరిడిన్. చిన్న సీసా. చల్లగా ఉంచాలి. పగలు గంటకో చుక్క, రాత్రి రెండు గంటలకో చుక్క, రెండు వారాలు.

"గంటకోసారి ఎవరు వేస్తారు ఈమెకు?" అని అడిగాడు.

"నేనేస్త," అంది ఆపా. నన్ను అడగలేదు.

తిరుగు బండిలో సీసాను ఐసుముక్కలున్న ఫ్లాస్కులో పెట్టి ఒళ్లో పట్టుకుని కూర్చుంది. చేవెళ్ల వైపు వానలు బాగా పడ్డాయని ఎవరో మాట్లాడుకుంటున్నారు. గంట కాగానే, కుదుపుల మధ్యే నా తల వెనక్కి వంచి చుక్క వేసింది. ఎదుటి సీటు ఆమె "గంటకోసారి ఎందుకమ్మా, ఒక్కసారే నాలుగు చుక్కలు ఎయ్యరాదా?" అని అడిగింది. ఆపా ఆ ప్రశ్నకు ఎంత సంతోషపడిందో నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అలాంటి ప్రశ్న ఎవరైనా అడగాలని ఏళ్ల తరబడి కాచుకున్నట్టు ముందుకు వంగింది.

"అమ్మా, ఈ మందు ఒక దొంగ ఇటుక అనుకో. వైరస్ తన సంతానాన్ని కట్టుకునేటప్పుడు అసలు ఇటుకనుకొని దీన్ని పెట్టుకుంటది. గోడ నిలవదు. మంచిగనే ఉన్నది కద. కని మన కంట్ల, మన నెత్తుర్ల ఎంజైములు ఉంటయి. అవి దొంగ ఇటుకను చూస్తే ఊకోవు, ఇరగ్గొడ్తనే ఉంటయి. ఇప్పుడేసింది గంటకల్లా సగం పని చెయ్యకుంట పోతది. గందుకే మల్ల ఎయ్యాలె."

"అంటే మన ఒళ్లే మన మందును తింటదా?"

"తింటది," అంది ఆపా. "దానికి ఏది మందో ఏది విషమో ఎరుక లేదు. దాని పని అది చేస్తది."

ఆమె నన్ను నా గదికి పోనివ్వలేదు. ఆమె ఇల్లు బడి ప్రహరీకి వెనుక గల్లీలో ఉంది, రెండు గదులు. లోపలి గది కిటికీకి కంబళి కట్టి చీకటి చేసింది. సోడా దుకాణం నుంచి రోజూ పొట్టులో చుట్టిన ఐసుముక్క వచ్చేది. అమ్మ మా ఊరి నుంచి వచ్చి రెండురోజులు ఉంది. మొదటిరోజు ఆ ఇంట్లో నీళ్లు కూడా ముట్టలేదు. రెండోరోజు ఆపా నాకు చుక్క వేయడం గడపలో నిలబడి చూసి, లోపలికి వచ్చి చాయ్ అడిగి తాగింది. కలుపు రోజులు కాబట్టి ఆ సాయంత్రమే వెళ్లిపోయింది.

చుక్క వేసే పద్ధతి ఒకటి ఉండేది ఆమెకు. కింది రెప్పను లాగి, "దూలం దిక్కు చూడు," అనేది. చుక్క పడ్డాక ముక్కు పక్కన కంటి మూలను వేలితో నొక్కిపట్టి, ఏక్, దో, తీన్ అని అరవై దాకా లోగొంతుకతో లెక్కపెట్టేది. మందు గొంతులోకి జారిపోకుండా. ముప్పై దాటాక ఆ గొంతు మనిషిది కానట్టు, ఎక్కడో తిరగలి తిరుగుతున్నట్టు ఉండేది. బడిలో పీరియడు నలభై నిమిషాలు, మందుకు గంట. రెండూ కలిసేవి కావు. పాఠం మధ్యలో పిల్లలకు బొమ్మ గీయమని చెప్పి, గల్లీ దాటి వచ్చి, చుక్క వేసి, అరవై లెక్కపెట్టి, మళ్లీ పరుగున వెళ్లేది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినగానే నేను తల వెనక్కి వాల్చేదాన్ని.

అయిదోరోజు సీసా అయిపోవచ్చింది. రెండోది తేవడానికి ఆమె పొద్దుటి బండికి హైదరాబాద్ వెళ్లింది. అలారం గడియారం నా పక్కన పెట్టి, "గంట గంటకు తిప్పి పెట్టుకో. నేను మూడింటికల్ల వస్త," అంది.

తొమ్మిదికి వేసుకున్నాను, పదికీ వేసుకున్నాను. మందు మండేది. నాలుగు రోజులుగా చీకట్లో పడి ఉన్నాను. ఇరవై నాలుగేళ్లు నాకు. ఈ కన్ను పోతే బడిలో పిల్లలు నన్నేమని పిలుస్తారో తెలుసు, ఎందుకంటే ఆపాను వెనకాల ఏమని పిలిచేవారో నేను విన్నాను. ఏడుపు వచ్చింది. అలారం నొక్కేసి నిద్రపోయాను.

లేచేసరికి ఆమె గదిలో నిలబడి ఉంది, చీర నిండా రైలు మసి.

"ఏసుకున్నవా బిడ్డా?"

"ఏసుకున్న ఆపా."

ఆమె పాత సీసాను ఫ్లాస్కులోంచి తీసి, తలుపు సందులోంచి వస్తున్న వెలుతురుకు పట్టి చూసింది. అది ఆ మధ్యాహ్నానికి ఖాళీ కావాల్సింది. అడుగున ఇంకా మందు ఉంది.

నా తల వంచి చుక్క వేసింది, అరవై లెక్కపెట్టింది. ఆ తర్వాత గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది.

"అరవై తొమ్మిదిల నేను హైదరాబాద్ల ఉంటి," అని మొదలుపెట్టింది. "మేక కాలేయం మీద పని చేస్తుంటి. పొద్దుగాల కసాయాయన దగ్గరికెల్లి తెచ్చి, ఐసుల పెట్టి నూరేదాన్ని. కాలేయంల ఎంజైము మందును ఎంతసేపట్ల ఇరగ్గొడ్తదో చూసేది. మూడేండ్ల పని. గప్పుడే తెలంగాణ లొల్లి మొదలైంది. కాలేజీలు బంద్, బస్సులు బంద్. ల్యాబ్‌ల ఐసు కరిగి నేను దాచిపెట్టినయన్నీ కుళ్లిపోయినయి. గా పరేషాన్‌ల జ్వరం వచ్చె, కన్ను ఎర్రబడె. తెలిసినోళ్లింట్ల చుక్కలుండె. ఏసుకున్న. రెండు దినాలకు ఎరుపు పోయె. అద్దంల చూసుకొని ఖుష్ అయిన. నెల దినాలు ఏసిన. నొప్పి లేదు, ఎరుపు లేదు. చూపు మసకైతే నిద్ర తక్కువైందనుకున్న."

"డాక్టరు దగ్గరికి పోయే సందు లేకుండెనా?"

"ఉండె. నడిచిపోయే దూరమే. కని నేను చదువుకున్నదాన్ని కద. మందుల మీదనే చదువుతున్నదాన్ని." పాత సీసాకు మూత బిగించింది. "ఇంకెవరన్న చేసుంటే వాళ్ల మీద కోపం తీర్చుకుందు. నేనే చేసుకున్న."

నాకు లేచి ఆమె కాళ్లు పట్టుకోవాలనిపించింది. కళ్లు మూసుకుని ఉండిపోయాను.

"పండుకో," అంది. "నాలుగింటికి లేపుత."

నేను ఆడిన అబద్ధం గురించి ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ ఒక్క మాట అనలేదు. నేనూ ఇంకో చుక్క తప్పలేదు.

పదహారోరోజు డాక్టరు నీలం దీపం వేసి కొమ్మ మాసిపోయిందన్నాడు. మర్నాడే నా పెట్టె సర్దుకుని నా గదికి వచ్చేశాను. ఆపా ఉండమనలేదు, వెళ్లమనలేదు. ఆ తర్వాత చాలా రోజులు స్టాఫ్‌రూంలో గంట కాగానే ఆమె మణికట్టు తిప్పి టైము చూసుకుని, తల ఎత్తి నా వైపు చూసేది. చూసి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ నోటు పుస్తకాలు దిద్దుకునేది.

డెబ్బై ఆరులో నాకు పెళ్లయింది. వికారాబాద్‌కు బదిలీ చేయించుకున్నాను. ఆపా కార్డులు రాసేది. ఆమె తెలుగు అక్షరాలు ఒకదాని మీద ఒకటి వెనక్కి వాలి ఉండేవి. తన సంగతి ఒక్క ముక్క ఉండేది కాదు. "కన్ను ఎట్లున్నది? జ్వరం వస్తే అద్దంల చూసుకో. ఎర్ర చుక్కలు, తెల్ల చుక్కలు ఏవీ ఎయ్యకు." మొదట్లో వెంటనే జవాబు రాసేదాన్ని. పిల్లలు పుట్టాక రెండు కార్డులకు ఒకటి, తర్వాత పండక్కి ఒకటి. వికారాబాద్ నుంచి తాండూరు రైలులో గంట ప్రయాణం. వెళదామనుకుంటూ పదేళ్లు గడిపాను.

ఎనభై ఆరులో అనుకుంటాను, మా పాత బడి ఆయమ్మ కోర్టు పని మీద వికారాబాద్ వచ్చి బజారులో కనబడింది.

"ఆపాకు రెండో కన్ను కూడ పట్టింది టీచరమ్మా. నెల కావొస్తున్నది. ఒక్కతే ఉంటది. తానే ఏసుకుంటది చుక్కలు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నేను కార్డు రాయమంటి. పిల్లలతల్లి, ఒద్దు అనె."

మర్నాడు వెళ్లాను. అదే కంబళి, అదే కిటికీ. లోపల మంచం మీద ఆమె ఒళ్లో గడియారం పెట్టుకుని కూర్చుంది, అంకెలు చూడ్డానికి కాదు, ముళ్లను వేలితో తడమడానికి. గడియారానికి అద్దం తీసేసింది. కుడికంటి రెప్పలు వాచి, ఎర్రగా పగిలి ఉన్నాయి.

"ఎవరు?" అంది. గొంతు వినగానే, "నీ కన్ను ఎట్లున్నది?" అంది.

ఆమె వేసుకుంటున్నది ఆ పాత మందే. నెలరోజులుగా గంటకో చుక్క, ఒంటరిగా, చూడలేని కంట్లో. సగం చుక్కలు చెంప మీద పడేవట, అందుకని రెండేసి వేసేదట. వైరస్ అణగలేదు, మందు మాత్రం కంటిని కాల్చేసింది. ఆమే చెప్పింది ఎందుకో. "ఇది వైరస్ ఒక్కదానికే దొంగ ఇటుక కాదు బిడ్డా. మన కణాలు కూడ ఎంజైములతోని దీన్ని తయారుచేసుకొని పెట్టుకుంటయి. ఎక్కువ దినాలేస్తే మన గోడ కూడ కూలుతది. నాకు ఎరుకే. ఇంకోటి లేదు కద, ఏం చెయ్యాలె."

ఈసారి నేనే హైదరాబాద్ తీసుకువెళ్లాను. పాత డాక్టరు లేడు. కుర్రాడొకడున్నాడు. పాత మందు ఆపేయమన్నాడు. విదేశం నుంచి కొత్తగా వచ్చిన మందు ఉంది, ఎసైక్లోవిర్, రెండే ట్యూబులున్నాయి, ప్రయత్నిద్దాం అన్నాడు. ఆపా ఆ మందు ఎలా పనిచేస్తుందో చెబితే తప్ప వేసుకోనంది. ఆయన నవ్వి, వేరే పేషెంట్లు ఉన్నారని, ఒక ఇంగ్లీషు వ్యాసం జిరాక్సు కాగితాలు నా చేతిలో పెట్టాడు.

మూడురోజులు ఆమె దగ్గర ఉన్నాను. మధ్యాహ్నాలు, చీకటి గది గడప దగ్గర వెలుతురు పడే చోట కూర్చుని ఆ కాగితాలు చదివాను. నేను తెలుగు టీచరును. ఆ మాటలు నా నోరు తిరగలేదు. ఒక్కో అక్షరం విడదీసి చదివేదాన్ని. లోపలి నుంచి ఆమె పలికి సరిదిద్దేది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆమెకు ఒక్క ముక్క కనబడలేదు. అలా ఇద్దరం కలిసి తొమ్మిది పేజీలు చదివాం.

ఆరో పేజీలో ఒకచోట "ఆగు," అంది. "మల్ల చదువు."

మళ్లీ చదివాను.

ఆమె మంచం మీద లేచి కూర్చుంది. "ఇది నిద్రపోయే ఇటుక బిడ్డా. మన ఎంజైములకు దీన్ని లేపొస్తలేదు. పక్కనుంచి పోతున్నయి. వైరస్ దగ్గర దాని సొంత ఎంజైము ఒకటుంది, అది లేపుతది. తన చావును తానే లేపుకుంటది. పని చెయ్యాలంటే దీనికి మూడు మెట్లు; లేచుడు మొదటిది, మిగిలిన రెండు మెట్లు మన ఎంజైములే ఎక్కిస్తయి. వైరస్ ఉన్న కణంలనే పని, లేని కణం జోలికి పోదు." ఆమె నవ్వింది. ఆమె గట్టిగా నవ్వగా నేను విన్నది అదొక్కసారే. "నేను మేక కాలేయం నూరుకుంట, ఎంజైము మందును ఎట్ల ఇరగ్గొడ్తదనే చూస్తి. ఎంజైముతోనే మందును తయారు చేయించొచ్చని తట్టలే. ఎవరికో తట్టింది చూడు."

ఆ నవ్వు చాలాసేపు ఆ గదిలో ఉంది. తర్వాత ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతున్నాయి. పదిహేడేళ్లు ఒక పనికి దూరంగా ఉన్న మనిషిని ఏమని ఓదార్చాలో నాకు తెలియలేదు.

నాలుగోరోజు మా చిన్నదానికి జ్వరమని కబురు వచ్చింది. ఆపాకు అప్పటికే రెప్పల వాపు తీసింది. ఇంకో వారం ఉండాలని నాకు తెలుసు. ఆమె ముందే అంది. "పో బిడ్డా. దీనికి గంటకొకరు ఒద్దు. మన ఎంజైములు దీన్ని తినవు, నిలుస్తది. దినానికి ఐదుసార్లు పెడ్తే సాలు. నా చెయ్యే సరిపోతది. ఫికర్ చెయ్యకు."

రైలు కదిలాక నాకు తేలికగా అనిపించింది. అవును, తేలికగానే. ఆ మాట ఇక్కడ రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు.

కన్ను దక్కింది. నెల తర్వాత ఆమె చేతిరాతతోనే కార్డు వచ్చింది, అక్షరాలు ముందటికంటే పెద్దవి. "పొర సన్నగ మిగిలింది. పేపర్ చదువుతున్న. నీ కన్ను ఎట్లున్నది?" దానికి జవాబు రాశాను. దాని తర్వాత వచ్చిన రెండింటికి రాశానో లేదో గుర్తులేదు.

ఆ పదేళ్లలాగే ఇంకో మూడేళ్లూ గడిచాయి. ఎనభై తొమ్మిది చలికాలంలో ఆమె ఛాతీలో నెమ్ముతో పోయింది. గుల్బర్గా నుంచి తమ్ముడు వచ్చి అన్నీ చేశాడట. నాకు తెలిసేసరికి నలభై రోజులు దాటాయి. తాండూరు వెళ్లాను. ఆ ఇంట్లో అప్పటికే వేరే వాళ్లు దిగారు. ఆయమ్మ ఇంటికి వెళ్లి వాకిట్లో కూర్చున్నాను.

"చూపు ఉండెనా ఆఖరుకు?" అని అడిగాను.

"మంచిగుండె టీచరమ్మా. బడికెల్లి వచ్చి పొద్దూకులు వాకిట్ల కుర్సీ ఏసుకొని కూసునేది. ఎవరొస్తున్నరో గల్లీ మూల మలిగినప్పుడే గుర్తుపట్టేది."

"ఎవరొచ్చేవాళ్లు?"

ఆయమ్మ వేలు మడిచి లెక్కపెట్టబోయింది.

"పోస్టాయన వచ్చేటోడు," అంది.